అరవయ్యో చినుకు

ఆ వేసవిలో మేం అరవై చినుకులు చెయ్యాలి.

కొత్తగా కట్టిన గ్రంథాలయం ముందు హాల్లో, రెండంతస్తుల ఎత్తు నుంచి వేలాడే గాజు వాన అది. ఒక్కో చినుకూ మోచేతి నుంచి వేలి కొస దాకా పొడవు. అన్నిటికన్నా కింద వేలాడే చివరిదొక్కటీ మూడేళ్ళ పిల్లంత ఉండాలి. బొమ్మ గీసింది మా అత్తగారు. చేసేదీ ఆవిడే. నేను ఆవిడ చేతి కింద మనిషిని.

అప్పటికి తొమ్మిదేళ్ళుగా ఆ చేతి కిందే ఉన్నాను. పెళ్ళైన నాలుగో రోజున ఆవిడ నన్ను ఇంటి వెనకున్న రేకుల షెడ్డులోకి తీసుకెళ్ళి ఊదుగొట్టం చేతికిచ్చింది. కొత్త కోడలికి ఊదుగొట్టం ఇవ్వడంలో వింతేముంది, పొయ్యి రాజెయ్యమని కాబోలు అనుకున్నాను. చూస్తే అది నా ఎత్తున్న ఇనప గొట్టం. కొలిమిలో గాజు ముదురు పాకంలా కాగుతోంది. గొట్టం కొస అందులో ముంచి, తిప్పుతూ పైకి తీస్తే ముద్ద అంటుకుని వస్తుంది. తిప్పడం ఆపితే జారి నేల మీద పడుతుంది. "తిప్పు," అంది ఆవిడ. అప్పటినుంచీ తిప్పుతూనే ఉన్నాను.

ఏటా తొలివాన పడ్డ రోజున మా అత్తగారు ఎంత పని ఉన్నా ఆపేసేది. షెడ్డు గుమ్మంలో స్టూలు వేసుక్కూర్చుని, రేకు చూరు నుంచి జారే నీళ్ళని చూసేది. చుక్క అంచుని పట్టుకుని వేలాడుతుంది, బరువెక్కుతుంది, మెడ సన్నబడుతుంది, తెగుతుంది. తెగే ముందరి ఆ ఆకారం కోసం ఇరవై ఏళ్ళుగా ప్రయత్నిస్తున్నానని, ఇంకా పట్టుబడలేదని అనేది. పేరున్న మనిషి. ఆవిడ చేసిన పాత్రలూ దీపాలూ చాలాచోట్ల ప్రదర్శనశాలల్లో ఉన్నాయి. అయినా చూరు కింద కూర్చున్నప్పుడు పరీక్ష తప్పిన పిల్లలా కనబడేది.

ఆవిడకి గిట్టనిదల్లా గాలిబుడగ. గాజులో బుడగ కంట్లో నలుసులాంటిదనేది. ఎంత అందంగా కుదిరినా సరే, బుడగ కనబడిందా, అది ముక్కల బకెట్‌లోకి పోవాల్సిందే.

పని మొదలైన మూడో వారంలో ఒకరోజు పొద్దున్నే, చల్లారిన చినుకొకటి తీసి కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి, "మచ్చ లేదు," అని అరలో పెట్టింది. తుడుద్దామని నేను తీశాను. మెడ దగ్గర ఆవగింజంత బుడగ ఉంది.

నాదే పొరపాటేమో అనుకున్నాను. ఆ వారం అలాంటివి ఇంకో మూడు కనబడ్డాయి. అప్పటినుంచి ఆవిడ మీద ఓ కన్ను వేశాను. బల్ల మీది పట్టకారు కోసం చూడకుండా తడుముతోంది. కొలిమి వైపు ఇదివరకటికన్నా ఎక్కువ వంగుతోంది.

మా ఆయన వెల్డర్. చినుకులు వేలాడదీసే ఉక్కు చట్రం ఆయన పని. మీ అమ్మకి మీరే చెప్పండి అంటే, రోజంతా పక్కన ఉండేదానివి నువ్వు, నువ్వే చెప్పు అన్నాడు. అడకత్తెరలో పోకచెక్క కావడం ఇష్టంలేక, ఆ వారమంతా చట్రం పేరు చెప్పి భోజనానికి కూడా ఆలస్యంగా వచ్చాడు.

శనివారం ఆవిడ కొలిమి నుంచి ముద్ద తీసి బల్ల వైపు తిరిగింది. నేను రోజూ నిలబడే చోటే నిలబడ్డాను. ఎర్రటి ముద్ద నా మోచేతికి జానెడు దూరంలోంచి పోయింది. చేతి మీది నూగు కమిలింది. ఆవిడకి తెలియనే లేదు. ఆ చినుకు పూర్తయ్యేదాకా ఆగాను. దాన్ని చల్లార్చే పెట్టెలో పెట్టి తలుపు మూశాక చెప్పాను.

"అత్తయ్యా, మీకు సరిగ్గా కనబడటం లేదు."

ఆవిడ చేతి తొడుగులు విప్పుతూ, "ఎవరన్నారు?" అంది.

"అరలో ఉన్నవాటిల్లో నాలుగింటికి బుడగలున్నాయి."

"ఏవి?"

నాలుగూ తీసి బల్ల మీద వరసగా పెట్టాను. ఒక్కోదాన్నీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ముక్కుకి తగిలేంత దగ్గరగా పెట్టుకుని చూసింది. తర్వాత ఒక్కొక్కటే బకెట్‌లో వేసి సుత్తితో కొట్టింది. తొందరపడలేదు, గట్టిగా కూడా కొట్టలేదు. నాలుగూ అయ్యాక చీపురు తీసుకుని నేల మీద పడ్డ నలకలు ఊడ్చి, ఇంట్లోకి వెళ్ళిపోయింది.

అత్త మీది కోపం దుత్త మీద చూపిస్తారంటారు. మా ఇంట్లో కోపమూ అత్తదే, దుత్తలూ ఆవిడవే, అవీ పగలగొట్టేసుకుంది. ఇక నా వంతుకి మౌనం ఒక్కటే మిగిలింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోనాడు పొద్దున్న నా కాఫీ గ్లాసు తనే తెచ్చి ముందు పెట్టి, కళ్ళ డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్దామని అడిగింది.

డాక్టరమ్మ మా కన్నా చిన్నది. నలభై ఏళ్ళు నిప్పులోకి చూసిన కళ్ళు, రెండింటికీ పొర కమ్మిందంది. నల్లద్దాలు పెట్టుకునేవారు కాదా అని అడిగితే, పెట్టుకుంటే గాజు రంగు తెలియదని మా అత్తగారు జవాబిచ్చింది, అదేదో డాక్టరమ్మకి తెలియకపోవడమే వింత అన్నట్టు. రెండు వారాల తేడాతో రెండు కళ్ళకీ ఆపరేషన్ చెయ్యాలి. తర్వాత నెల రోజులు వేడి దగ్గరికి పోకూడదు, బరువెత్తకూడదు. గ్రంథాలయం తెరవడానికి ఎనిమిది వారాలుంది. అరలో మంచి చినుకులు ఇరవై ఎనిమిది.

మొదటి కంటికి ఆపరేషన్ అయిన మర్నాడు గ్రంథాలయం కార్యదర్శి పళ్ళు పట్టుకుని పరామర్శకి వచ్చాడు. మర్యాదస్తుడు. ఆరోగ్యం కన్నా ఏదీ ఎక్కువ కాదని, కావాలంటే హాలుకి వేరే ఏర్పాటు చూసుకుంటామని నసిగాడు. ఆ వేరే ఏర్పాటు, ఫ్యాక్టరీలో చేసిన దీపాల గుత్తుల పుస్తకం, ఆయన సంచిలోంచి తొంగి చూస్తోంది. కంటికి మూత కట్టి ఉన్నా మా అత్తగారు ఆ పుస్తకాన్ని చూసిందనే నా నమ్మకం.

"పని ఆగదు. మా కోడలు చేస్తుంది," అంది.

ఆ మాట అంతకుముందు నాతో అనలేదు. కార్యదర్శి నా వైపు తిరిగాడు. డ్రైవరు సెలవు పెట్టాడు, ఇవాళ బస్సు కండక్టరు నడుపుతాడని విన్న ప్రయాణికుడిలా చూశాడు.

ఆయన వెళ్ళాక, నాకు చేతనవుతుందా అని అడిగాను. చేతనవకపోతే ఎనిమిది వారాల్లో తెలుస్తుందిలే, అంది ఆవిడ, దిండు సర్దుకుంటూ.

తెలియడానికి అయిదు రోజులే పట్టింది. అయిదు రోజుల్లో పదకొండు చినుకులు చేశాను. పదకొండూ బకెట్‌లోకి పోయాయి. సాయానికి మా ఆయన గొట్టం ఊదేవాడు. ఆవిడ షెడ్డు బయట, వేడి తగలనంత దూరంలో, నల్ల కళ్ళద్దాలతో కుర్చీలో కూర్చునేది. లోపల పట్టకారు గాజుకి తగిలిన చప్పుడు వినే, "చల్లబడింది, మళ్ళీ కాచు," అని అక్కడినుంచి చెప్పేది. ప్రతిసారీ ఆవిడ చెప్పిందే నిజం. అదే నా ప్రాణానికొచ్చింది. నా చేతులు నా మాట వినడం మానేసి, గోడ అవతలి మాట కోసం ఆగిపోయేవి. అవి ఆగినప్పుడు గాజు ఆగదు.

సాయంత్రం చల్లారినవాటిని ఆవిడ ఒళ్ళో పెట్టేదాన్ని. కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమేది.

"మెడ బిగుసుకుంది. ఇది చినుకు కాదు, సీసా."

ఆరోనాడు మా నాన్న వచ్చాడు. నాన్నకి సైకిల్ రిపేరు దుకాణం ఉంది. "ఎలా ఉందక్కయ్యగారూ?" అని మా అత్తగారిని పలకరించి, ఆవిడ "రండి అన్నయ్యగారూ, లోపల మీ అమ్మాయి నా కొంప ముంచుతోంది," అంటే నవ్వి, షెడ్డులోకి వచ్చాడు. బకెట్ అంచున ఇంకా పగలని చినుకొకటి ఉంటే చేతిలోకి తీసుకున్నాడు. నేను ముద్ద తీస్తున్నప్పుడు గాలి చిక్కుకుని, పొట్ట మీదుగా బుడగల గీత పడిందందులో.

"ఇది పంచరైన ట్యూబులా ఉందే," అన్నాడు నాన్న.

ఆయన మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం ఒక్కసారి ఆ దుకాణమంతా కళ్ళ ముందుకొచ్చింది. బడి నుంచి రాగానే నేను నీళ్ళ తొట్టి పక్కన చేరేదాన్ని. నాన్న గాలి కొట్టిన ట్యూబుని కొంచెం కొంచెంగా నీళ్ళల్లో ముంచుతూ తిప్పేవాడు. ఎక్కడో ఓ చోట సన్నటి దారంలా బుడగలు లేచేవి. ఒకదాని వెనక ఒకటి, ఒకే కొలత, తొట్టి అడుగు నుంచి పైదాకా. ఆయన సుద్దముక్కతో గుర్తు పెట్టేదాకా నేను వాటినే చూసేదాన్ని. అంతకన్నా అందమైనది నేను పెద్దయ్యాక కూడా చూడలేదు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. పంచరు బాగుందంటే నవ్వరా మరి.

"నాన్నా, దుకాణంలో పాత పళ్ళచక్రం ఏదైనా ఉందా?"

"ఏ సైజుది?" అన్నాడు. ఎందుకని అడగలేదు.

మర్నాడు పొద్దున్నే మూడు తెచ్చిచ్చాడు, జిడ్డూ తుప్పూ పోయేలా తోమి. వాటిని నిలబెట్టి బిగించి, వేడి గాజు ముద్దని ఆ పళ్ళ మీద దొర్లించాను. ఒక్కో పన్నుకీ ఒక్కో గుంట పడింది. వెంటనే ముద్దని మళ్ళీ కొలిమిలో ముంచి తీస్తే, కొత్త గాజు పైనుంచి కప్పేసి, ప్రతి గుంటలోనూ ఇంత గాలి చిక్కుకుంది. అప్పుడు కొద్దిగా ఊదించి, చెయ్యి కాలకుండా తడిపిన కాగితాల మడత అరచేతిలో వేసుకుని, పసిపిల్ల తలని పట్టినట్టు పట్టి, మెడ సాగేలా కిందికి వదిలాను. బుడగలు కూడా దాంతోపాటు సాగాయి. బయటినుంచి మాటేమీ రాలేదు. నేనూ దాని కోసం ఆగలేదు.

మర్నాడు పెట్టె తెరిచాను. గాజులో పైనుంచి కిందిదాకా బుడగల దారాలు మెలి తిరిగి ఉన్నాయి. పైన గసగసాలంత, కిందికొచ్చేసరికి బఠాణీలంత. వాన చినుకు నీళ్ళలో పడేటప్పుడు దాంతోపాటు కాస్త గాలి కూడా లోపలికి పోతుంది కదా, అలా. బకెట్‌లో వెయ్యాలా, అరలో పెట్టాలా అని చాలాసేపు నిలబడ్డాను. అరలోనే పెట్టాను. ఆ వారంలో దాని పక్కన ఇంకో ఆరు చేరాయి. సాయంత్రాలు ఆవిడ ఒళ్ళో ఏమీ పెట్టలేదు. ఆవిడా అడగలేదు.

రెండో కంటి మూత తీసిన రోజున ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా సరాసరి షెడ్డు గుమ్మంలోకి వచ్చింది. గోడలకి ఇంత మసి పట్టిందా అని ముందు మమ్మల్ని తిట్టింది. అరలో ఉన్నవాటిల్లో నేను చేసినవన్నీ బయటికి తెమ్మంది. పెరట్లో నవారు మంచం మీద దుప్పటి పరిచి ఏడింటినీ పెట్టాను. మా ఆయన బకెట్ని కాలితో మెల్లిగా తలుపు వెనక్కి నెట్టడం నాకు కనబడింది.

మొదటిది తీసుకుని ఎండలోకి ఎత్తింది. ఎన్నో ఏళ్ళ తర్వాత కడిగిన కిటికీలోంచి చూస్తున్నట్టు, కళ్ళు చికిలించకుండా చూసింది. దింపింది. రెండోది తీసింది. ఏడూ అయ్యేసరికి నా మెడ మీద చెమట వీపులోకి దిగింది.

ఒకదాన్ని నా చేతికిచ్చింది.

"దీన్లో మూడో వరస వంకర పోయింది. మళ్ళీ చెయ్యి."

మిగతా ఆరింటినీ చీర చెంగుతో తుడిచి, దుప్పటి మీదే పెట్టి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. నేను ఆ వంకర చినుకుతో అలాగే నిలబడ్డాను. మా ఆయనే నెమ్మదిగా, "ఆరు ఉంచేసిందే," అన్నాడు.

ఆ తర్వాత పని పరుగెత్తింది. రోజుకి మూడు, ఒక్కోరోజు నాలుగు. నెలాఖరుకి నావి ముప్ఫై ఒకటి అయ్యాయి. ఒకరోజు ఆవిడ పెరట్లో నేల మీద సుద్దతో హాలు గీసి, గీతల మీద గులకరాళ్ళు పెట్టి జరుపుతూ కూర్చుంది. పైన తనవి ఇరవై ఎనిమిదీ, కింద నావి ముప్ఫై ఒకటీ. బయల్దేరేటప్పుడు వాన శుభ్రంగా ఉంటుందని, నేల దగ్గర పడేసరికి దానికి ఊపిరి వస్తుందని మా ఆయనకి చెప్పింది. చట్రం కొలతలు మార్చమంది. ఆయన నెల కష్టం అది. అయినా ఆ సాయంత్రమే అతుకులు కోయడం మొదలుపెట్టాడు.

మిగిలింది అరవయ్యోది, పెద్దది. తొమ్మిది కిలోల గాజు. ఇంత ముద్దని తిప్పుతూ, దిద్దుతూ, ఊదడం ఒక్క మనిషి తరం కాదు. మా ఆయన ఊపిరి చిన్నవాటికి సరిపోయింది గానీ, దీనికి గాజు లోపల ఏం జరుగుతోందో తెలిసి ఊదే మనిషి కావాలి. డాక్టరమ్మ చెప్పిన నెల ఆ వారమే నిండింది. నల్లద్దాలు పెట్టుకుంటేనే అని షరతు పెట్టి ఒప్పుకుంది. మా అత్తగారు జీవితంలో మొదటిసారి నల్లద్దాలు పెట్టుకుని కొలిమి ముందుకొచ్చింది. వచ్చి, బల్ల దగ్గరికి వెళ్ళలేదు. నేను తొమ్మిదేళ్ళు నిలబడ్డ చోట, గొట్టం కొసన, చిన్న పీట వేసుకుని కూర్చుంది.

మొదటిసారి పోయింది. ముద్ద వాటంగానే వచ్చింది, బుడగలు వరసలో పడ్డాయి, బల్ల మీద తిప్పుతున్నాను. "అత్తయ్యా, ఇప్పుడు కొంచెం ఊదండి," అన్నాను. ఊదింది. "ఇంక చాలండి," అనేసరికి ఒక పక్క గోడ పల్చబడి ఉబ్బిపోయింది. పక్కకి వాలి, గొట్టం నుంచి తెగి, నేల మీద చప్పుడు లేకుండా కూర్చుంది.

ఆవిడ దాన్ని చూసింది. నన్ను చూసింది.

"నిప్పు దగ్గర ఈ అండీలేమిటి? నువ్వు మర్యాద పూర్తిచేసేలోపు గాజు కిందికి జారిపోతోంది. ఊదు అను. ఆపు అను."

"నాకు నోరు తిరగదు అత్తయ్యా."

"చేతులు తిరిగాయిగా. నోరూ తిరుగుతుంది."

ఓ గంట ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ మొదలుపెట్టాం. ముద్ద తీశాను. పళ్ళ మీద దొర్లించాను. మళ్ళీ ముంచాను, మళ్ళీ. మూడోసారికి భుజాలు ఊడిపోతాయనిపించింది. బల్ల మీదికి వచ్చి కూర్చుని, తడి కాగితం పట్టాను. ఆవిరి ముఖానికి కొట్టింది. గాజు అరచేతి కింద కదులుతోంది, సరిగ్గా ఇప్పుడు అంటోంది.

"ఊదు," అన్నాను.

ఊదింది.

"ఆపు."

ఆపింది.

"ఇంకొంచెం. మెల్లిగా. ఆపు. లే, కాచాలి."

లేచింది. తలుపు దగ్గర మందపాటి తొడుగులు వేసుకుని ఎదురుచూస్తున్న మా ఆయన, తన తల్లిని ఎవరైనా లెమ్మంటే ఆవిడ లేవడం పుట్టాక ఎప్పుడూ చూడలేదు. నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. అది ఇప్పుడు తల్చుకుంటే నాకు నవ్వొస్తుంది గానీ, అప్పుడు ఏమీ లేదు. గాజు, నా చేతులు, గొట్టం అవతల ఆవిడ ఊపిరి, అంతే. మాట నేను అనకముందే ఆవిడకి అందుతోంది. గొట్టం నిలువుగా ఎత్తించి కిందికి వదిలాం. చినుకు తన బరువుకి తనే సాగింది. మెడ సన్నబడింది, ఇంకా సన్నబడింది, ఇక తెగుతుందనగా, "ఇదిగో," అంది ఆవిడ. ఆ ఒక్క మాటే. గాజు అక్కడ గట్టిపడింది.

ఆ మధ్యాహ్నం వడ్డిస్తూ, "అత్తయ్యా, మీకు ఇంకొంచెం వెయ్యనా అండీ?" అన్నాను. ఆవిడ ముద్ద నోట్లో ఉండగా నవ్వింది, పొలమారేంతగా.

అంత పెద్దది చల్లారడానికి నాలుగు రోజులు పట్టింది. నాలుగో రోజున ముగ్గురం పెట్టె తెరిచాం. ఎక్కడా బీట లేదు.

గ్రంథాలయం తెరిచిన రోజున మేం వెళ్ళేసరికే మెట్ల మీద జనం. పదింటికి ఎండ పై కిటికీల్లోంచి హాల్లోకి దిగింది. వాన మొత్తం ఒక్కసారి వెలిగింది. పైన తేటగా, కిందికొచ్చేకొద్దీ లోపల వేల బుడగలు మెరుస్తూ. నేల మీద, గోడల మీద, పుస్తకాల మీద, జనం ముఖాల మీద వెలుగు చుక్కలు. చంకలో పుస్తకమున్న ఓ పెద్దాయన వాన కిందికి వచ్చి, తెలియకుండానే అరచెయ్యి చాపాడు. పక్కనున్న పిల్లా చాపింది. కాసేపటికి హాల్లో సగం మంది చేతులు చాపి నిలబడ్డారు.

గోడకి కొట్టిన ఇత్తడి పలకని నేనప్పుడే చూశాను. దాని మీద రెండు పేర్లున్నాయి. పైది నాది. తప్పు పడిందేమోనని కార్యదర్శిని అడిగాను. ఆయన తడబడకుండా, పెద్దావిడే కాగితం మీద రాసిచ్చారని, ఒకటికి రెండుసార్లు అడిగి మరీ చెక్కించామని అన్నాడు. ఈసారి ఆయన నన్ను కండక్టరుని చూసినట్టు చూడలేదు.

మా అత్తగారు జనంలో లేదు. వెతికితే హాలు చివర, స్తంభం పక్కన కనబడింది. నల్లద్దాలు తీసేసి, తల వెనక్కి వంచి, అరవయ్యో చినుకు మెడ వైపు చూస్తోంది. తొలివాన రోజున చూరుని చూసినప్పటి ముఖం కాదు అది. పరీక్ష పాసైన పిల్ల ముఖం. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"రేపు ఎన్నింటికి మొదలుపెడతావు?" అని అడిగింది.

ఆ ఇంట్లో అప్పటిదాకా ఆ వేళ చెప్పేది ఆవిడే.

"అయిదింటికి," అన్నాను.

"సరే," అంది.